బోర్డు మేస్త్రిగారి పిన్ని

ఆ పేటలో తలెత్తి నడిచేవాడికి కనిపించే అక్షరాలన్నీ ఒక్క మనిషి చేతివే. మందుల షాపు మీద ఆకుపచ్చ అక్షరాలు, పళ్ళ డాక్టరు గుమ్మం మీద మెరిసే స్టీలు అక్షరాలు, బట్టల కొట్టు మీద లోపల దీపం వెలిగే ఎర్ర అక్షరాలు, అన్నీ ఆయన కోసినవే. అందుకని చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బోర్డు మేస్త్రి అంటారు. అందరి కొట్లకీ పేరు తగిలించిన ఆ మేస్త్రి కొట్టుకి మాత్రం పేరు లేదు, బోర్డు అంతకన్నా లేదు. దీపం కింద చీకటి అని సందు మొగలో టీకొట్టాయన ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో! ఆ చీకటికి కాపలా కాసేది కూడా ఆ టీకొట్టాయనే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

అసలు అది కొట్టని బయటివాళ్ళెవరికీ తెలియకూడదు. ముందు వైపు మేస్త్రి అద్దెకున్న ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింటి వెనక తలుపు తీస్తే రేకుల షెడ్డు. షెడ్డుకి వెనక సందులోకి ఒక షట్టరు. లోపల రేకు కోసే రంపం, డ్రిల్లు, అక్షరాల అంచులు వంచే బల్ల, గోడవారగా పాలిష్ చక్రం. కోసిన అక్షరాన్ని ఆ చక్రానికి ఆనిస్తే అంచులు నునుపెక్కి అద్దంలా మెరుస్తాయి. పాలిష్ పొడితో అక్కడి గోడ నల్లగా, జిడ్డుగా ఉంటుంది. ఆ గోడ పక్కన స్టూలు మీద పదకొండేళ్ళుగా పిన్ని కూర్చుంటోంది.

పిన్ని అంటే మేస్త్రికి పిన్ని కాదు, ఎవరూ కాదు. పనికి కుదిరిన మనిషి. పనిలో చేరిన రెండో వారంలో ఒకరోజు హఠాత్తుగా ఇన్‌స్పెక్టరు ఒకాయన వెనక షట్టరు లోంచి తల పెట్టాడు. "ఎవరమ్మా నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు. మేస్త్రి చేతిలో ఉన్న అక్షరాన్ని వీపు వెనక దాచబోయాడు. ఆవిడ మాత్రం చక్రం ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, "వాళ్ళ పిన్నినండీ. చూసి పోదామని వచ్చాను. వీడికి ఇదో పిచ్చి, ఖాళీగా ఉంటే ఏదో ఒకటి కోస్తుంటాడు. కాసిని మంచినీళ్ళు తాగుతారా?" అంది. ఆయన మంచినీళ్ళు తాగి, షెడ్డంతా ఒకసారి చూసి, నమ్మాడో నమ్మినట్టు నటించాడో గానీ వెళ్ళిపోయాడు. ఆ రోజు షెడ్డులో కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

నవ్వులాటగా మొదలైంది కాస్తా పద్ధతైపోయింది. రేకు కోసే అతను బావమరిదయ్యాడు. మేస్త్రి భార్యకి అన్నా లేడు తమ్ముడూ లేడు. "పోనీలే, తోడబుట్టినవాడు లేని లోటు మా ఆయన తీర్చాడు" అని ఆవిడ పది మందికీ చెప్పుకుని నవ్వేది. కొత్త మనుషులెవరైనా సందులోకి వస్తే టీకొట్టాయన ఫోను చేసి ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవాడు. ఆ రింగు వినగానే మేస్త్రి "చుట్టాలొచ్చారు!" అని ఒక కేక వేసేవాడు. అందరూ చేతుల్లో ఉన్నది పక్కన పెట్టేవాళ్ళు. అప్పుడాయన మెయిన్ స్విచ్ కట్టేసి షట్టరు లాగేసేవాడు. బావమరిది యంత్రాల మీద టార్పాలిన్ కప్పేవాడు. రెండు నిమిషాల్లో పిన్నీ బావమరిదీ ముందు గదిలో కుర్చీల్లో చుట్టాల్లా కూర్చుని ఉండేవాళ్ళు. పిన్ని అయితే ఏకంగా కూరగాయలు తరుగుతూ ఉండేది. ఆ పాత్రలో ఆవిడ అంత చక్కగా ఇమిడిపోయింది.

ఇంత తతంగం ఎందుకు, శుభ్రంగా ప్రభుత్వం దగ్గర కొట్టు నమోదు చేయించుకోవచ్చుగా అని మీరడగొచ్చు. మేస్త్రిని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అడిగినవాళ్ళందరికీ ఆయన చెప్పే కథ ఒకటుంది. ఇరవై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ ఆయన అక్షరాల్లాగే ఆ కథా నునుపెక్కిపోయింది.

కొత్తలో నిజంగానే నమోదు ఆఫీసుకి వెళ్ళాడు. మొదటి కిటికీ దగ్గర, షెడ్డు అద్దె కాగితం తెమ్మన్నారు. ఇంటావిడ ఆ మాట వినగానే, "కాగితం రాస్తే నాకు పన్ను పెరుగుతుంది నాయనా. కాగితం కావాలో ఇల్లు కావాలో తేల్చుకో" అంది. రెండో కిటికీ దగ్గర, యంత్రాలకి కరెంటు వాళ్ళ అనుమతి కావాలన్నారు. కరెంటు వాళ్ళు ముందు నమోదు కాగితం చూపించమన్నారు. చెట్టు ముందా విత్తు ముందా అని రెండు ఆఫీసుల మధ్య చెప్పులరిగేలా తిరిగాడు. వరండాలో ఒకాయన పక్కకి పిలిచి, దీనికి వేరే దారి ఉందన్నాడు. ఆ దారి రేటు విని మేస్త్రికి కళ్ళు తిరిగాయి. ఏడుసార్లు వెళ్ళాడు. వెళ్ళిన ఏడు రోజులూ పని ఆగింది, రెండు బోర్డులు చేజారిపోయాయి. ఎనిమిదోసారి వెళ్ళలేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడని అనడానికి లేదు. అప్పట్లో ఆ మద్దెల నిజంగానే ఓటిది.

ఆయన కథ అక్కడితో ఆగిపోతుంది. ఆపై సగం ఎవరికీ చెప్పడు.

ఆపై సగం ఇది. ఇంటావిడ ఇల్లు అమ్మేసింది. కొత్త యజమాని అద్దె కాగితం తనే రాసిచ్చాడు. నమోదు ఆఫీసులో కిటికీలన్నీ పోయి ఒకటే కిటికీ మిగిలింది. ఎదురు సందులో ప్రింటింగు ప్రెస్సాయన ఒక్క పూటలో పని ముగించుకుని వచ్చి, నమోదు సంఖ్యతో సహా బోర్డు చేయించుకున్నాడు, అదీ మేస్త్రి దగ్గరే! ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసి, "రేపే వెళ్ళండి మేస్త్రిగారూ" అని చేతిలో పెట్టాడు. మేస్త్రి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డ్రిల్లు ముక్కుల సొరుగులో అడుగున పెట్టాడు. అది మూడేళ్ళ కిందటి మాట.

ఎందుకు వెళ్ళలేదంటే సూటిగా చెప్పే కారణం ఆయనకే లేదు. నమోదయితే పనివాళ్ళకి బీమా కట్టాలి. ఏటా ఒకరు వచ్చి యంత్రాలు చూస్తారు. పాలిష్ చక్రానికి ఉండే ఇనప కవచం, పెద్ద అక్షరాలు పట్టడం లేదని తనే ఊడదీసి అటక మీద పడేశాడు. అది మళ్ళీ బిగించాలి. టోకున బోర్డులు తీసుకునే కంపెనీ వాళ్ళు రసీదు లేని సరుకునే ఇష్టపడతారు. ఇవన్నీ ఒక ఎత్తు. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అన్న ధీమా మరొక ఎత్తు. చూద్దాంలే, వచ్చే నెల చూద్దాంలే అనుకుంటూ మూడేళ్ళు గడిపేశాడు. మొదట్లో దారి లేక ఆగిన మనిషి, దారి దొరికాక అలవాటు కొద్దీ ఆగిపోయాడు. అందుకే ప్రెస్సాయన ఎదురైనప్పుడల్లా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే పాత కిటికీల కథ ఎత్తుకునేవాడు.

ఈలోగా పిన్ని నిజంగానే పిన్ని అయిపోయింది. అది ఎప్పుడు జరిగిందో ఎవరూ చూసుకోలేదు. మేస్త్రి అన్నం వేళ దాటిపోతే రంపం దగ్గరకొచ్చి కేకలేసేది. "ఇనప ముక్కలు తిని బతుకుతావా నాయనా? లే!" అనేది. మేస్త్రి భార్యకి ఆపరేషనయి పది రోజులు ఆసుపత్రిలో ఉంటే, పక్కన చాప వేసుకుని పడుకున్నది పిన్నే. ఆవిడకి ఒక్కతే కూతురు. ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. పిన్నికి చదువు రాదు గానీ పదకొండేళ్ళు అక్షరాల అంచులు తడిమీ తడిమీ ఆవిడ చదవడం నేర్చుకుంది. వీధిలో నడుస్తూ, "ఇది నేను రుద్దిందే, దీని తోక నన్ను ఎంత సతాయించిందో" అని బోర్డులు చూపించేది.

ఆ తోకలున్న అక్షరాలతోనే భయం. సన్నటి కొస చక్రంలో చిక్కుకుంటే అక్షరం చేతిలోంచి కత్తిలా ఎగురుతుంది. అది తెలుసు కనక పిన్ని రెండు చేతులా బిగబట్టి, కళ్ళు చక్రం మీంచి తిప్పకుండా పనిచేసేది.

ఆ రోజు పొద్దున్న పదకొండు గంటలైంది. బావమరిది ఒక బోర్డు బిగించడానికి వెళ్ళాడు. మేస్త్రి ఒక చెవి దగ్గర ఫోను పెట్టుకుని కంపెనీ వాళ్ళతో కొలతల గురించి వాదిస్తున్నాడు. జేబులో రెండో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఆయన వాదన ఆపలేదు. మాట్లాడుతూనే చెయ్యి చాచి మెయిన్ స్విచ్ కట్టేశాడు, షట్టరు లాగేశాడు, ఇంట్లోకి నడిచాడు. "చుట్టాలొచ్చారు" అన్న కేక ఒక్కటి వెయ్యలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి మర్చిపోయాడు.

కరెంటు పోగానే చక్రం ఆగదు. ఆ వేగం తగ్గడానికి ఒక నిమిషం పడుతుంది. చిమ్మచీకటి, తిరుగుతున్న చక్రం, పిన్ని చేతుల్లో తోకున్న అక్షరం.

ముందు గదికి వచ్చిన మనిషి కళ్ళద్దాలాయన, చంకలో సంచి. "బోర్డులు చేసేది ఇక్కడేనా అండీ?" అన్నాడు. మేస్త్రి నవ్వు మొహం పెట్టి, "ఇక్కడ బోర్డులేమిటండీ, ఇది కాపురముండే ఇల్లు" అన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఎండ గురించీ రోడ్డు గురించీ మాట్లాడాడు. పిన్ని ఇంకా వచ్చి కూర్చోలేదేమిటి, కూరగాయల బుట్ట ఖాళీగా ఉందే అని ఒకసారి అనిపించింది కూడా. వచ్చినాయన పది నిమిషాలు కూర్చుని, "అయితే పొరపాటు పడ్డానన్నమాట" అని లేచి వెళ్ళాడు.

మేస్త్రి వెనక్కి వెళ్ళి స్విచ్ వేశాడు. పిన్ని స్టూలు పక్కన నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని పళ్ళ మధ్య బిగబట్టింది. ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. ఒళ్ళోనూ నేల మీదా నెత్తురు. వంటింటి తలుపుకీ ఆవిడకీ మధ్య అయిదడుగుల దూరం ఉంటుంది, అంతే. ఆ పది నిమిషాలూ ఆవిడ గొంతు బయటికి రానివ్వలేదు. నోట్లోంచి కొంగు తీసి ఆవిడ అడిగిన మొదటి మాట, "వెళ్ళిపోయాడా నాయనా?"

ఆసుపత్రిలో కట్టు కడుతున్నంతసేపూ మేస్త్రి మందుల చీటీ పట్టుకుని పరుగులు పెట్టాడు. పేరూ వయసూ అన్నీ ఆవిడే చెప్పుకుంది. ఆయన తిరిగొచ్చేసరికి గుమాస్తా చివరి ప్రశ్న అడుగుతున్నాడు. "ఎక్కడ తగిలిందమ్మా దెబ్బ? పనిచోటా?"

"పనా పాడా! మా అక్కకొడుకు ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాను. రేకు కోసుకుంది" అంది పిన్ని.

గుమాస్తా మేస్త్రి వైపు చూశాడు. "మీ ఇంట్లోనేనా?"

"అవునండీ" అన్నాడు మేస్త్రి.

జీవితంలో ఆయన చాలా అబద్ధాలాడాడు. ఏ అబద్ధమూ ఆయన్ని ఇలా పట్టుకోలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ "అవునండీ" గుర్తొచ్చి చెయ్యి కడిగేసుకునేవాడు. అటక మీంచి ఇనప కవచం దించి, బూజు తుడిచి, చక్రానికి బిగించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని తనకే తెలుసు. బిగించాక ఆ స్టూలు చూసి, షెడ్డులో ఒక్కడే నిలబడి ఏడ్చాడు.

పిన్ని బొటనవేలూ చూపుడువేలూ వంగడం లేదు. లోపలి నరాలు తెగాయి, ఇంకో ఆపరేషను చెయ్యాలి, ఆలస్యమైతే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయన్నారు డాక్టర్లు. తర్వాత ఆర్నెల్లు వేళ్ళతో కసరత్తు చేయించాలన్నారు. పనిచోట తగిలిన దెబ్బయితే ఇదంతా కార్మికుల బీమాలో చేస్తారు, చెయ్యి బాగయ్యేదాకా జీతం కూడా ఇస్తారు. చుట్టపుచూపుగా వెళ్ళినచోట తగిలిన దెబ్బకి కట్టు కట్టి ఇంటికి పంపిస్తారు. మేస్త్రి తన చేతిలో ఉన్నదంతా ఇస్తానన్నాడు. ఆ ఉన్నది ఆపరేషను గది గుమ్మం దాకా కూడా రాదని రెండు ఆసుపత్రుల్లో చెప్పారు.

వారం తర్వాత పిన్ని కూతురు వచ్చింది. ఇస్త్రీ దుకాణం నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మొహమంతా చెమట. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం బయటే నిలబడి, "ఒక్కటి అడుగుతాను, చెప్పండి. మా అమ్మ మీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిందా?" అంది.

మేస్త్రి కుర్చీ ఒకటి గుమ్మం బయటికి తెచ్చి వేశాడు.

"పదకొండేళ్ళ చుట్టపుచూపా? నేను చెప్పేస్తానంటే ఒట్టు పెట్టించుకుంటోంది. వాడి కొట్టు మూయిస్తే నా మొహం చూడకంటోంది. నేను చెప్పను. మీరు చెప్తారేమోనని అడగడానికొచ్చాను" అని వెళ్ళిపోయింది.

మేస్త్రి భార్య వంటింట్లోంచి అంతా విన్నది. "నేను ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ ఆవిడ నా మంచం పక్కన చాప మీద పడుకుందండీ" అని మాత్రం అంది. ఆయన్ని తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు కళ్ళద్దాలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి టీకొట్టాయన రింగిచ్చినా మేస్త్రి కదల్లేదు. వచ్చినాయన నవ్వుతూ, "మొన్న మీరు కాదన్నారు గానీ, పేటలో ఎవర్ని అడిగినా మీ ఇల్లే చూపిస్తున్నారు. మా ఆఫీసు ముందు కొత్త బోర్డు కావాలండీ" అన్నాడు. సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాడు. దాని మీద రాసి ఉంది: 'చిన్న దుకాణాల నమోదు: సహాయం ఇక్కడ.'

మేస్త్రి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఈయనకి భయపడి స్విచ్ కట్టేశాడు. ఈయన వచ్చింది బోర్డు చేయించుకోవడానికి. పిన్ని చీకట్లో కొంగు కొరుకుతూ కూర్చున్న ఆ పది నిమిషాలూ తను ఈయనతో ఎండ గురించి మాట్లాడాడు. ఆఖరికి, "నాకు తెలిసినాయన ఒకరున్నారండీ..." అని మొదలుపెట్టాడు. తెలిసినాయన షెడ్డు, తెలిసినాయన చక్రం, తెలిసినాయన దగ్గర పనిచేసే మనిషి చెయ్యి, అన్నీ చెప్పాడు.

కళ్ళద్దాలాయన వెర్రివాడేం కాదు. ఓపిగ్గా విన్నాడు. "తెలిసినాయనకి రెండు దారులున్నాయండీ. రేపొచ్చి రేపటి తారీకుతో నమోదు చేయించుకుంటే వెనకటి సంగతులు ఎవరూ అడగరు, హాయిగా ఉండొచ్చు. కానీ ఆ మనిషికి ఏమీ రాదు. లేదూ, ఆవిడ ఇన్నేళ్ళుగా నా దగ్గరే పనిచేసింది, దెబ్బ నా చక్రం దగ్గరే తగిలిందని ఒప్పుకుంటే ఆవిడకి అంతా వస్తుంది. ఈయనకి జరిమానా పడుతుంది, వెనకటి బీమా అంతా కట్టాలి, యంత్రాలు పరీక్ష చేసేదాకా షెడ్డుకి తాళం వేస్తారు. దెబ్బ తగిలిన ముప్పై రోజుల్లోగా ఇద్దరూ ఆసుపత్రికెళ్ళి ముందు రాయించింది దిద్దించాలి. ముప్పై దాటితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఎన్నో రోజు ఇవాళ?"

"తొమ్మిదోది" అన్నాడు మేస్త్రి వెంటనే. తెలిసినాయన రోజుల లెక్క ఈయనకి అంత చప్పున ఎలా తెలిసిందో కళ్ళద్దాలాయన అడగలేదు.

తొమ్మిదో రోజే అన్నీ తెలిశాయి కదా, మేస్త్రి పదో రోజే వెళ్ళాడనుకుంటారు మీరు. వెళ్ళలేదు. పదిహేడు రోజులు ఆగాడు. ముందు ఆ బోర్డు పూర్తి చేద్దామనుకున్నాడు. పూర్తయ్యాక, బిగించి వచ్చి వెళ్దామనుకున్నాడు. 'సహాయం ఇక్కడ' అన్న అక్షరాలను తనే చక్రం మీద రుద్దాడు, పిన్ని రుద్దినంత మెరుపు రాలేదు. ఆఫీసు గుమ్మం మీద బిగిస్తూ నిచ్చెన మీంచి లోపలికి చూశాడు. ఒకే ఒక్క కిటికీ. దాని ముందు ముగ్గురే ముగ్గురున్నారు. నిచ్చెన దిగి ఇంటికి వచ్చేశాడు. షెడ్డుకి తాళం పడితే బావమరిది ఏం తింటాడు, కంపెనీ వాళ్ళు వేరే చోటికి పోతారేమో, ఈ వయసులో మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టను అని రోజుకొక సాకు. అన్నీ నిజాలే. కానీ అన్ని నిజాల అడుగునా భయమొకటి ఉందని, ఆ భయం కోసం ఒక మనిషి చేతిని బిగుసుకుపోనిస్తున్నానని ఆయనకి తెలుసు.

ఇరవయ్యారో రోజున బావమరిదే రంపం ఆపేసి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "మేస్త్రిగారూ, నేను రెండు నెలలు ఎక్కడైనా కూలికి పోతాను. నా పేరు చెప్పి ఆగకండి" అన్నాడు.

దాంతో ఆఖరి సాకు కూడా పోయింది. మేస్త్రి ఆ పూటే పిన్ని ఇంటికి వెళ్ళాడు.

ఒక్కటే గది. పిన్ని మంచం మీద కూర్చుని ఎడం చేత్తో దువ్వుకోవడానికి తంటాలు పడుతోంది. ఆయన్ని చూడగానే దువ్వెన పడేసి, "వచ్చావా నాయనా! చిక్కిపోయావేం? వేళకి తింటున్నావా?" అంది.

ఆయన చెప్పదలచుకున్నదంతా గడగడా చెప్పేశాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "నీకేమన్నా మతిపోయిందా? వేళ్ళు రెండు వంగకపోతే చచ్చిపోతానా? అరవైకి దగ్గరపడ్డాను. ఇప్పుడీ వేళ్ళతో నేను వీణ వాయించాలా?"

"అది కాదు పిన్నీ. ఆ రోజు నేను కేక వెయ్యలేదు. మర్చిపోయాను. తప్పు నాది."

"తెలుసు."

"నువ్వెందుకు అరవలేదు? ఒక్క కేక వేసి ఉంటే..."

"అరిస్తే ఆయన వినడూ?" అంది పిన్ని, ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు. "ఎవరైనా సొంత ఇంట్లో మనిషిని పట్టిస్తారా?"

మేస్త్రికి దుఃఖం ఆగలేదు. ఆవిడ మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. "నేను రాయిస్తాను పిన్నీ. నువ్వు రాకపోయినా వెళ్ళి చెప్తాను. కానీ నువ్వు వచ్చి సంతకం పెట్టకపోతే వాళ్ళు దిద్దరట. నా కోసం రా. ఈ పదిహేడు రోజులూ నేను మనిషిలా లేను" అన్నాడు.

"ఏడవకు. వస్తాలే" అంది ఆవిడ.

ఆసుపత్రిలో అదే బల్ల, అదే గుమాస్తా. పాత కాగితం వెతికి తీసి, కళ్ళు చికిలించి చదివాడు. "అక్కకొడుకు ఇంట్లో అని రాసుంది కదా. ఇప్పుడేమంటారు?" అన్నాడు. మేస్త్రి వైపు తిరిగి, "ఈవిడ మీకేమవుతారు?" అని అడిగాడు.

పదకొండేళ్ళలో ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు అడిగారో ఆ ప్రశ్న! జవాబు నాలుక చివరే ఉంది. మేస్త్రి దాన్ని మింగేశాడు.

"ఏమీ కారండీ" అన్నాడు. "నా దగ్గర పనిచేస్తారు. పదకొండేళ్ళుగా చేస్తున్నారు. నా షెడ్డులో, నా చక్రం దగ్గర, నా తప్పు వల్ల తగిలింది దెబ్బ."

పక్కన పిన్ని కుర్చీలో కొంచెం కదిలింది. ఆయన ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"అంటే అప్పుడు చెప్పింది అబద్ధమా అమ్మా? చుట్టరికం ఏమీ లేదా?" అన్నాడు గుమాస్తా. కసరడం లేదు పాపం, రాసుకోవడానికి అడుగుతున్నాడు.

పిన్ని ఒళ్ళోని కట్టు వైపు చూసుకుంది. "ఆయన చెప్పిందే రాసుకోండి" అంది.

గుమాస్తా కొత్త కాగితం ముందుకు తోశాడు. "పై సగం యజమాని నింపాలి." మేస్త్రి కలం తీశాడు. మొదటి గడిలో తన పేరు రాశాడు. రెండో గడిలో షెడ్డు చిరునామా రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆగిపోయింది. 'పనిచేసే మనిషి పూర్తి పేరు' అని ఉంది అక్కడ. పేటలో ప్రతి కొట్టు పేరూ, ప్రతి డాక్టరు పేరూ, వాళ్ళ ఇంటిపేర్లతో సహా తెలిసిన మనిషి. ఈ పేరు తెలియదు. పదకొండేళ్ళలో ఒక్కసారి అడగలేదు, అవసరమే పడలేదు.

పిన్నికి అర్థమైంది. మెల్లిగా, గుమాస్తాకి చెప్తున్నట్టు, తన పేరు చెప్పింది. మేస్త్రి దాన్ని తన గుండ్రటి దస్తూరీలో, ఏ పెద్ద షాపు పేరూ అంత జాగ్రత్తగా రాసి ఉండడు, అలా రాశాడు. ఆవిడ ఎడం చేత్తో సంతకం పెట్టింది. అక్షరాలు వంకర్లు పోయాయి గానీ ఒక్కటీ తప్పు పోలేదు. గుమాస్తా ముద్ర కొట్టి, "సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా రండమ్మా, ఆపరేషను" అన్నాడు.

బయట మెట్లున్నాయి. ఎప్పటిలా ఆవిడ మోచెయ్యి పట్టుకోబోతూ, "చూసి దిగు పిన్నీ" అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఆగింది. కోపంగా లేదు. అలిసిపోయినట్టు ఉంది. చుట్టూ ఒకసారి చూసి, "ఇక్కడ ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరుగా నాయనా. ఇంకా ఆ పిలుపెందుకు?" అంది.

ఆవిడ ఎడం చేత్తో రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. మేస్త్రి ఆవిడ పేరున్న కాగితం పట్టుకుని, ఒక మెట్టు వెనకగా దిగాడు.